చూసింది ప్యాచ్ ఒక్కటే

"ముందు కేకు. కేసు సంగతి తర్వాత," అన్నాడు స్పెన్స్‌లీ.

నోరీన్ అల్లం కేకు ముక్క కోసి ఆయన పళ్లెంలో పెట్టింది. రికార్డర్‌ను టీపాట్‌కు ఆనించి మీట నొక్కింది. పన్నెండేళ్లుగా ప్రతి గురువారం ఇదే తంతు. యార్క్‌షైర్ అంతటా పేరు మోసిన రిటైర్డ్ డిటెక్టివ్ రెజినాల్డ్ స్పెన్స్‌లీ తన కుర్రతనపు కబుర్లు చెబుతాడు, ఆమె వాటిని పిల్లల నవలలుగా అల్లుతుంది. ఇప్పటికి ఆరు పుస్తకాలు వచ్చాయి. పదమూడేళ్ల "కుర్ర స్పెన్స్‌లీ"నీ, వాడి వెంట తిరిగే తెల్ల కుక్క ప్యాచ్‌నీ ఎరగని పిల్లలు ఆ చుట్టుపక్కల లేరు.

"మీ పుణ్యమా అని మామయ్య ఎంత మారాడో," అంది ఆయన మేనకోడలు జూడిత్, టీ కప్పులు అందిస్తూ. "నిన్న ఏం తిన్నాడో చెప్పలేడు. నన్ను చూసి నర్సువా అంటాడు. చిన్నప్పటి ముచ్చట్లు మాత్రం గడగడా చెప్పేస్తాడు. రోజూ పొద్దున్నే మీ పుస్తకంలోంచి ఒక అధ్యాయం చదివి వినిపించాలి నేను. లేదంటే అలక!"

"నువ్వు చదవడమేంటి, సగం మింగేస్తావు," అన్నాడు స్పెన్స్‌లీ.

జూడిత్ నవ్వుకుంటూ వంటగదిలోకి వెళ్లింది.

నోరీన్‌కు నవ్వు రాలేదు. నిజానికి ఆమె ఈ ఇంట్లో అడుగుపెట్టింది నవలల కోసం కాదు. అరవై ఏడేళ్ల కిందట, బ్యాండు పోటీకి రెండు రోజులుందనగా ఊరి బ్యాండు వాళ్ల వెండి బాకా మాయమైంది. బ్యాండు హాలు కింద బొగ్గుల కొట్టులో దాన్ని కనిపెట్టింది పదమూడేళ్ల స్పెన్స్‌లీ. ఆ కొట్టు తాళంచెవి ఉండేది కాపలాదారు ఆల్బర్ట్ ఆక్రాయిడ్ దగ్గర. ఇంకేముంది, కుర్రాడు హీరో అయ్యాడు, ఆక్రాయిడ్ దొంగయ్యాడు. ఉద్యోగం పోయింది. తెలిసినవాళ్లు కూడా ఎదురుపడితే రోడ్డు దాటి అటువైపు వెళ్లేవారు. "నేను తీయలేదు" అంటూనే ఆయన ఎనిమిదేళ్లకు పోయాడు. నోరీన్ ఆయన కూతురు. పెళ్లితో ఇంటిపేరు మారింది కాబట్టి స్పెన్స్‌లీకి ఆ సంగతి తెలియదు.

ఈ పన్నెండేళ్లలో ఎన్నిసార్లు అడిగినా ఆయన ఆ బాకా కేసు ఒక్కటీ దాటేస్తూ వచ్చాడు.

"ఇవాళైనా చెప్పండి స్పెన్స్‌లీ గారూ."

"అది చెబితే నన్ను చీదరించుకుంటావు అమ్మాయ్."

"చెప్పి చూడండి."

ఆయన కేకు పొడి తుడుచుకున్నాడు. "బాకా తీసింది నేనే."

నోరీన్ రికార్డర్‌ను ఆయనకు దగ్గరగా జరిపింది. "ఎందుకు?"

"దొరకాలంటే ముందు పోవాలిగా! బడిలో ఒక్కడూ నా మొహం చూసేవాడు కాదు. ఒక్కసారి అందరూ నావైపు తిరిగి చూస్తే చాలనిపించింది. వీధి వైపు బొగ్గు పోసే కంత ఉండేదే, అందులోంచి దిగి దాచేశా. మర్నాడు నేనే కనిపెట్టా."

నోరీన్ నాన్న ఆ కంత గురించే పోయేదాకా మొత్తుకున్నాడు. వినిపించుకున్న నాథుడు లేడు.

"ఎవరైనా చూశారా?"

"చూసింది ప్యాచ్ ఒక్కటే." స్పెన్స్‌లీ కిసుక్కున నవ్వాడు. "వెధవది, నా వెనకే కంతలోకి దూకింది. తెల్ల కుక్క నల్లగా బయటికొస్తే పట్టుబడిపోనూ? వాగులో వేసి తోమేసరికి నా ప్రాణం పోయింది. మర్నాడు దాన్నే ముందు పంపి, అది వాసన పట్టినట్టు నాటకమాడా."

నోరీన్ కప్పు కింద పెట్టింది. "అదంతా... బాగా గుర్తుందా మీకు?"

"ఉండకేం? తడిసిన దాని బొచ్చు వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది."

"మరి ఆల్బర్ట్ ఆక్రాయిడ్?"

స్పెన్స్‌లీ ఇంకో కేకు ముక్క అందుకున్నాడు. "ఆయనెవరు?"

నోరీన్ రికార్డర్ ఆపేసి లేచింది. వెళ్లొస్తానని కూడా చెప్పలేదు.

బస్‌స్టాప్‌లో సన్నని జల్లు పడుతోంది. అన్న కీత్ ఫోన్ చేశాడు.

"ఏమన్నాడే?"

"తనే తీశానన్నాడు."

అవతల డెబ్బై ఆరేళ్ల మనిషి వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది.

"బడిలో నన్ను పేరు పెట్టి పిలిచినవాడే లేడు నోరీ. దొంగ కొడకా అనేవాళ్లు. ఈ ఆదివారం బ్యాండు హాల్లో అందరి ముందూ వినిపిస్తా. ఇప్పుడే పంపు."

"పంపను అన్నయ్యా."

"ఏంటీ?"

"అది పనికిరాదు."

"వాడి నోటితో వాడే చెప్పాక పనికిరాకపోవడమేంటి? ఓహో, నీ కుర్ర స్పెన్స్‌లీ దొంగని తెలిస్తే ఆ పుస్తకాలు ఎవడు కొంటాడనా? అందుకే నేను వాటిలో ఒక్క పేజీ తిప్పలేదు. నాన్నను అమ్ముకున్నావు కదే!"

ఆమె జవాబు చెప్పేలోపే కీత్ ఫోన్ పెట్టేశాడు.

బస్సు వచ్చింది. నోరీన్ కిటికీ పక్కన కూర్చుని రికార్డింగ్ మొదటినుంచి విన్నది. కుక్క మాట వచ్చిన చోట ఆపింది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. తర్వాత మొత్తం చెరిపేసింది.

ఆయన జీవితంలో ప్యాచ్ అనే కుక్కే లేదు. మొదటి నవల కోసం దాన్ని ఆమే కల్పించింది.