ముళ్ళు లేని మొక్క

"ఇది రేపు పొద్దునకే పూస్తుందా కాకా?"

నవత అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద మొక్కలు అమ్మే బిచ్చయ్య, మందారం కొమ్మను ఆమె కళ్ళ ముందుకు వంచాడు.

"గీ మొగ్గ చూడు బిడ్డా. మొన ఎర్రగ తేలింది. తెల్లారెవరకు విచ్చుకుంటది. గనీ నా మాట ఇని గులాబి తీస్కపో."

"ఎందుకు?"

"మందారం ఒక్క దినం పువ్వు. పొద్దుగాల పూస్తది, పొద్దూకితె ముడుచుకుంటది. గులాబి గట్ల కాదు. ఒక్కపారి పూసిందంటె నాలుగైదు దినాలు చెట్టు మీదనే ఉంటది."

"కానీ రోజూ పూయదు కదా?"

"రోజు యాడ పూస్తది? ఒక విడత పూసినంక కొమ్మలు కత్తిరియ్యాలె. మళ్ళ చిగురు రావాలె, మొగ్గ ఎయ్యాలె. నెల పైనే పడ్తది."

నవత గులాబీ కుండీని కాస్త పక్కకు జరిపింది.

వెనక గోనెసంచి మీద కూర్చుని మట్టిలో ఎరువు కలుపుతున్న అతని భార్య లక్ష్మీనర్సమ్మ నవ్వింది. "గులాబికి పైసలెక్కువొస్తయ్. గందుకే దాని ముచ్చటే చెప్తుండు. నువ్వేం ఇనకు."

"నువ్వు జర నోర్ముయ్యె. ఉన్న మాటే చెప్తున్న." బిచ్చయ్య మళ్ళీ నవత వైపు తిరిగాడు. "మందారానికి నీళ్ళ యావ ఎక్కువ. ఎండకాలం రెండు పూటల పొయ్యాలె. ఒక్క దినం మరిచినవనుకో, మొగ్గలన్ని రాల్చి కూసుంటది. గులాబి ఓర్సుకుంటది. పై మట్టి ఎండినంక పోస్తె చాలు. ఇంట్ల ఎంతమందుంటరు, నీళ్ళు పోసెటోళ్ళు?"

"నేనొక్కదాన్నే."

మట్టి కలుపుతున్న లక్ష్మీనర్సమ్మ చేతులు ఆగాయి. తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ పనిలో పడింది.

నవతది జనగామ దగ్గర ఒక పల్లె. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది ఆమే. నాంపల్లిలో ఆఫీసు ఉద్యోగం. గన్‌ఫౌండ్రీ సందులో, రోడ్డు పక్కన ఒక్క గది కిరాయికి తీసుకుంది. ఆఫీసులో అందరూ కంప్యూటర్లతోనే మాట్లాడతారు. ఆరు దాటితే ఎవరి బండి వాళ్ళది. ఆదివారం సాయంత్రం పాలప్యాకెట్ అడగబోతే ఆమె గొంతు బొంగురుగా వచ్చేది, పొద్దుటి నుంచి వాడలేదు మరి.

గది ముందు గోడ మీద కుండీలో పాత మందారం ఉన్నన్నాళ్ళు పొద్దున లేవడానికి ఒక కారణం ఉండేది. ఆఫీసువాళ్ళు ట్రైనింగ్‌కని వరంగల్ పంపించారు. తిరిగొచ్చేసరికి మొక్క ఎండి కట్టెపుల్ల అయింది. ఆ తర్వాత పొద్దున్నే లేచినా చేసేదేమీ లేదు. అలారం మోగితే ఆపేసి అటు తిరిగి పడుకునేది, కొన్నాళ్ళకు అది పెట్టడమే మానేసింది. వేరే ఏమీ అక్కర్లేదు, ఆ పొద్దులు మళ్ళీ వస్తే చాలు.

"తెల్ల పురుగు గుడ మందారానికే పడ్తది," బిచ్చయ్య వదల్లేదు. "ఏపనూనె కొట్టాలె."

"కొడతాను."

"గులాబికి ముండ్లుంటయ్ బిడ్డా. ఎవ్వరు చెయ్యి పెట్టరు. పూసిన పువ్వు పూసినట్టే నీకుంటది."

"ముళ్ళది వద్దు కాకా. గోడ మీద పెడితే ఈ మందారం కొమ్మ బయటికి వంగుతుందా?"

"ఎండ ఎటుంటె అటే పోతది. మీ సందులకే వంగుతది."

"అయితే ఇదే ఇవ్వు."

"పూజకా?" లక్ష్మీనర్సమ్మ అడిగింది.

"ఔ పెద్దమ్మా. పూజకే."

"గట్ల ముందుగాలనే చెప్పరాదు! ఎర్ర మందారం అంటె అమ్మోరికి పాణం."

"అమ్మోరు గులాబి పెడితె వద్దంటదా ఏంది?" బిచ్చయ్య గొణుక్కుంటూనే మొక్కను కవర్లో పెట్టి కట్టాడు.

అబిడ్స్‌లో ఆదివారం రద్దీ. ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు, వాటి మీద వంగిన మనుషులు. నవత కుండీని చంటిపిల్లలా ఎత్తుకుని నడిచింది. మొగ్గకు ఎవరి మోచేయి తగులుతుందోనని అరచెయ్యి అడ్డం పెట్టింది. జనం మొక్కను చూసి దారి ఇచ్చారు. ఆమె ముఖం ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చి కుండీని గోడ అంచుకు పెట్టింది. కొమ్మ సందు వైపు ఉండేలా తిప్పింది. చాల్లేదనిపించి, కుండీ కింద ఒక ఇటుక పెట్టింది.

మెట్ల మీద నుంచి ఇంటి ఓనరు జనార్దన్ తొంగిచూశాడు. "ఏందమ్మా, మళ్ళ మందారమా?"

"ఔ సార్." నవత ఇంకా ఏదో చెప్పబోయింది.

"ఆరింటికి మోటర్ బంద్ చేస్త. నీళ్ళు పట్టుకో." ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

రాత్రి పడుకునే ముందు మొగ్గను ఇంకోసారి చూసింది. చాన్నాళ్ళ తర్వాత అలారం పెట్టుకుంది.

అలారం కంటే ముందే మెలకువ వచ్చింది. మసక వెలుగులో పువ్వు విచ్చుకుని ఉంది, అరచెయ్యంత. నవత దాన్ని కొయ్యలేదు. ముఖం కడుక్కుని, జుట్టు ముడేసుకుని, లైటు వెయ్యకుండా కిటికీ పక్కన నిలబడింది.

పాత మొక్క ఉన్నప్పటిలాగే పక్క సందు ముసలమ్మ చెయ్యి గోడ మీదుగా వచ్చి తన దేవుడి కోసం ఆ పువ్వు తుంచుకుంటుంటే, ఇన్ని వారాలుగా పలకరించే మనిషి లేని నవత "ఎవరది, మళ్ళీ నా పువ్వేనా?" అని పోట్లాడటానికి సంబరంగా తలుపు తీసింది.