కొంచెం కిందికి

ఫిల్మ్‌నగర్ స్టూడియోలో నీళ్ల ట్యాంకు గట్టు మీద నిలబడి, ఫైటర్ దేవకుమార్ బల్లెం ఎత్తాడు. లోపల హీరోయిన్‌కి డూపుగా అతని కూతురు జెరూష ఉంది.

గట్టు మీంచి చూస్తే నీళ్లలో మనిషి ఉన్నచోటికన్నా పైన కనిపిస్తాడు. కనిపించిన చోటికి విసిరితే బల్లెం తగలకుండా మీదుగా పోతుంది. అందుకే దేవకుమార్ తనకు కనిపిస్తున్న కూతురి గుండెకే గురిపెట్టాడు.

బల్లెం ఆమె తల మీదుగా దూసుకుపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇంకో టేక్!" అన్నాడు డైరెక్టర్. అసిస్టెంట్ బల్లెం తీసుకొచ్చి మళ్లీ దేవకుమార్ చేతికిచ్చాడు.

జెరూష పైకి తేలింది. "డాడీ, నువ్వు నా గుండెకే విసురుతున్నట్టుంది. భయమేస్తోంది. ఈసారి కొంచెం కిందికి గురిపెట్టవా?"

దేవకుమార్ చేతిలోంచి బల్లెం జారిపోయింది. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆమె అడిగిన ఆ కిందే, నీళ్లలో ఆమె నిజంగా ఉండే చోటు.