మణికట్టు మీద మట్టి

“మట్టికి గులాబీ వాసన పట్టిస్తానంటే నమ్మడానికి, నా చెవిలో పువ్వులేమైనా కనిపిస్తున్నాయా?” అన్నారు ముక్కుగారు చెయ్యి చాపుతూ.

సబ్బుల కంపెనీలో సువాసనల విభాగానికి ఆయన పెద్ద. ఆయన వాసన చూసి ఊఁ అంటేనే ఏ సబ్బైనా గడప దాటేది. అందుకే ఆ పేరు. కొంతకాలంగా ఆయన దేనికీ ఊఁ అనడం లేదు. పాత సబ్బులే కొత్త కాగితాల్లో అమ్ముడుపోతున్నాయి. అంత గొప్ప ముక్కు.

ఎదురుగా నిలబడ్డ కెమిస్టుకి ఆయన పెట్టిన పేరు మట్టమ్మ. ఆవిడ మట్టి నేలలో తవ్వింది కాదు, ల్యాబులో తయారుచేసింది. కంటికి ఆనని పల్చటి పొరలు, పొరల మధ్య ఇరికించిన వాసన. పొడిగా ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. చెమట తగిలిందా, రోజంతా కొంచెం కొంచెంగా వదులుతుంది.

“సాయంత్రం దాకా ఉంటుంది సార్,” అంటూ మట్టమ్మ డబ్బాలోంచి చిటికెడు పొడి తీసి ఆయన మణికట్టుకి రాసింది.

“ఉండకపోతే?”

ఉండకపోతే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. సాయంత్రం కంపెనీ యజమాని మేడమ్ ముందు ఆయన పెదవి విరిస్తే చాలు, ఇన్నేళ్ల చాకిరీ చెత్తబుట్టలోకి.

ముక్కుగారు గోదాములన్నీ తిరిగి, బాగా చెమట పట్టాక లిఫ్టెక్కారు. లోపలున్న ఇద్దరూ తర్వాతి అంతస్తులోనే దిగిపోయి మెట్లు పట్టుకున్నారు. పెద్దవాళ్లంటే ఆ మాత్రం భయం ఉండాలనుకున్నారాయన.

మధ్యాహ్నం, ప్యాకింగులో పనిచేసే బావమరిది రోజూలాగే ఆయన పక్కన కూర్చుని క్యారేజీ మూత తీశాడు. మళ్ళీ పెట్టేశాడు.

“ఆకలి లేదు బావా. నీ చేతికున్నది మట్టమ్మ మట్టేనా?”

“అదే. దండగ మట్టి.”

“దండగే బావా, దండగే,” అంటూ వాడు గబగబా లేచిపోయాడు. ఇన్నాళ్లకి వీడికీ బుద్ధి వచ్చిందని ముక్కుగారు మురిసిపోయారు.

అంతలో మట్టమ్మ పరుగున వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“సార్, ఒక్క మాట. పొద్దున నేను...”

“అప్పుడే సాకులా?”

“సాకు కాదు సార్. పొద్దున...”

“గంటలోపే చచ్చింది నీ గులాబీ. ఇక నోరు మూసుకుని సాయంత్రం రా!”

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. ఆయన చేతివంక, తర్వాత ఆయన మొహంవంక అదోలా చూసింది. వచ్చిన దారినే వెళ్లిపోయింది.

సాయంత్రం ముక్కుగారు గదిలోకి రాగానే మేడమ్ లేచి కిటికీ తెరిచారు. కుర్చీ వెనక్కి జరుపుకుని రుమాలు అందుకున్నారు. మట్టమ్మంటే ఈవిడకీ గిట్టదన్నమాట! ముక్కుగారికి ఇంకాస్త ఊపొచ్చింది.

“మీరే చూడండి మేడమ్,” అని చెయ్యి ఆవిడ మొహం ముందు పెట్టారు. “మొదట్లో వచ్చిందే చవకబారు గులాబీ. అదీ గంటకే గాలికి పోయింది. ఇప్పుడు వాసనా లేదు, పాడూ లేదు, వట్టి మట్టి. ఇలాంటివాళ్లని సబ్బు ముక్కలు కోయడానికి పంపాలి.”

మేడమ్ రుమాలు తియ్యకుండానే, గుమ్మం దగ్గర నిలబడ్డ మట్టమ్మ వైపు తిరిగారు. “నువ్వేమంటావమ్మా?”

“తప్పు నాదే మేడమ్,” అంది మట్టమ్మ.

ముక్కుగారు కాలు మీద కాలేసుకున్నారు.

“పొద్దున కంగారులో ఒక డబ్బా బదులు ఇంకోటి తీశాను, సార్ చేతికి రాసింది గులాబీ కాదు, దుర్వాసన పోగొట్టే మందుని పరీక్షించడానికి మేం మట్టిలో నింపి పెట్టుకున్న కుళ్ళిన చేపల కంపు.”