పాలకో న్యాయం, పేడకో న్యాయం

ఊరేదైతేనేం, ఒక దొడ్లో గోబర్ గ్యాస్ గుంత ఉండేది. అందులోని కటిక చీకట్లో కంటికానని సూక్ష్మజీవులు కాపురముండేవి. పేడ తిని గ్యాస్ వదలడమే వాటి బతుకు. గుంత ఒడ్డున పేరిందేవి అనే పేడపురుగు ఉండేది. లోపలి కబుర్లు బయటికి మోసేది అదే.

నాలుగు రోజులుగా గ్యాస్ తగ్గి, గుంత మీద తేలే ఇనుప డ్రమ్ము కిందికి దిగిపోతోంది.

"వదినా, కొత్త పేడ పడ్డప్పుడల్లా గుంపులు గుంపులుగా చస్తున్నాం! ఇంకొక్క తట్ట పడిందంటే మా వంశమే ఉండదు," అని గుంతలోంచి నీరసంగా వినిపించింది.

పేరిందేవి ఆయాసపడుతూ కాటుక అనే గేదె దగ్గరికి పరుగెత్తింది.

"కాటుకమ్మా, నీ పేడలో ఏం కలిసింది?"

"నాకేం తెలుసే? పొదుగు వాచిందని, క్రిములు చావడానికి రోజూ సూది పొడుస్తున్నారు. పాలల్లోకి మందు దిగుతుందట, ఎవరూ తాగకుండా పారబోస్తున్నారు."

"పాలు పారబోస్తున్నారా! మరి పేడ?"

"పేడనెవరు తింటారే, పిచ్చిదానా?"

"గుంతలో వాళ్ళు తినరూ? మనుషులదైతే నోరు, వాళ్ళదైతే చెత్తకుండీనా?"

కాటుక నెమరు ఆగిపోయింది. అప్పటికే ఇంటావిడ పేడ ఎత్తి గుంతలో వెయ్యడానికి తట్ట పట్టుకుని వస్తోంది. చెబుదామంటే మనిషికి గేదె మాట తెలియదాయె. కాటుక మోకాళ్ళు వంచి తన పేడ మీదే కూలబడింది. వాచిన పొదుగు నలిగి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"లే! లేవవే, మొండిదానా!" కర్ర వీపు మీద పడింది. ఇంకో దెబ్బా పడింది.

"లేవకమ్మా, లేవకు!" అంది పేరిందేవి ఏడుస్తూ.

"లేస్తానని నేనన్నానా?" అంది కాటుక.