జరగని పెళ్లి

"ఈ పెళ్లి జరగనే లేదని రాసి సంతకం చేయండి. యువరాజుగారు ఒప్పుకున్నారు," అంటూ రాజసౌధం కార్యదర్శి తారాదేవి ముందుకు కాగితం జరిపాడు.

విదేశంలో, క్లెమెంటి అనే పేటలో తారాదేవి ఉంటున్న ఆ ఫ్లాట్‌లో ఆమె తండ్రి విశ్వేశ్వరరావు కూడా ఉన్నారు. జమీందారీ వంశపు పిల్ల పరాయి దేశపు యువరాజును రహస్యంగా రిజిస్టర్ పెళ్లి చేసుకుందని తెలిసి, వెనక్కి తీసుకుపోవడానికి పొద్దున్నే విమానం దిగారు. అప్పటినుంచి కూతురితో పలకలేదు.

"పరాయి పిల్లను చేసుకుంటే ఆయనకు సింహాసనం దక్కదు. ఆయన మేలు కోరితే తప్పుకోండి," అన్నాడు కార్యదర్శి.

నాన్న కోరేదీ ఇదే కదా అనుకుంది తారాదేవి. కలం తీసుకుంది.

"ఆగమ్మా," అన్నారు విశ్వేశ్వరరావు. "ఈ పెళ్లి నాకూ ఇష్టం లేదు. అయినా ఒప్పుకున్నట్టు ఆ అబ్బాయే చెప్పాలి. ఫోన్ చెయ్యి."

కార్యదర్శి చప్పున ఫోన్ మీద చెయ్యి వేశాడు. "వద్దండి. నేనిక్కడికి వచ్చినట్టు యువరాజుగారికి తెలియదు."

విశ్వేశ్వరరావు కాగితం మడిచి అతని చేతిలో పెట్టారు.

"వెళ్లిరండి. ఏదున్నా మా అల్లుడితో మాట్లాడుకుంటాం."