పది గొంతుల పెట్టె

సాయంత్రం ఆరింటికి గాయని ఊర్మిల వస్తుంది.

“పాత క్యాసెట్‌ల గిటారు ఎట్లుందో గట్లనే ఉండాలె. లేకుంటే పాట కరీంనగర్‌ల చేయించుకుంట” అని ముందే చెప్పిపోయింది.

కోరుట్లలో ఎరువుల దుకాణం పైన స్టూడియో పెట్టుకున్న దివాకర్‌కు ఈ పాట పోతే మిగిలేది బోర్డు ఒక్కటే.

ఆ సౌండు కోసమే హైదరాబాద్‌లో మూతపడ్డ స్టూడియో నుంచి పాత ప్రీయాంప్ కొన్నాడు. గిటారు గొంతు మార్చే పెట్టె అది. ర్యాకులో బిగించి మూడు రోజులుగా నాబ్‌లు తిప్పుతున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పెట్టెనే తిడుతున్నాడు.

చివరికి జగిత్యాల నుంచి రాజేశాన్ని పిలిపించాడు. పాత క్యాసెట్‌లో ఆ పాటకు గిటారు వాయించింది ఆయనే. క్యాసెట్ అట్ట మీద పేరు కూడా ఉంది. అయిదింటికి వస్తానన్నాడు.

మూడింటికి తలుపు దగ్గర ఒక ముసలాయన నిలబడ్డాడు. చొక్కా నిండా మరమగ్గాల దూది.

“ఎవలు కావాలె?”

“పెట్టె చూద్దామని అచ్చిన బాబూ. సిరిసిల్ల నుంచి.”

“చూసెతందుకు గిదేమన్న జాతరా? చెప్పులు బయట ఇడువు. గా దూది దులుపుకొని రా.”

ముసలాయన మెట్ల దాకా పోయి దులుపుకొని వచ్చాడు. పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు.

“గీ ఒక్క పెట్టెల పది గొంతులున్నయి. గీ గెయిన్ నాబ్ తగ్గిస్తే గజ్జెల మోత. పెంచితే డప్పు. నడుమ ఒక్కకాడ ఆపితే మనిషి ఏడ్చినట్టుంటది. గా జాగ దొరకబట్టాలె.”

“మగ్గం నడిపెటోడు సుత నాకు గెయిన్ గురించి చెప్పబట్టె” అని దివాకర్ నవ్వాడు.

ఇంతలో ఫోన్ మోగితే బయటికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ముసలాయన స్పీకర్ హోరుకు చెవి పెట్టి, నాబ్‌ను వెంట్రుకవాసి జరుపుతున్నాడు.

“ఎవలు ముట్టుమన్నరు?”

“అయిపోయింది బాబూ. ఒక్కపారి వాయించి చూడు.”

“నువ్వు చెప్తే నేను వాయించాల్నా? నడువ్.”

ముసలాయన చెప్పులేసుకొని మెట్లు దిగాడు.

దివాకర్ గిటారు ముట్టనైనా లేదు. పెట్టె మైలపడ్డట్టు తడిగుడ్డతో తుడిచి, నాబ్‌లన్నీ సున్నాకు తిప్పేశాడు. పోయిన సెట్టింగ్ మళ్లీ తెచ్చుకోవడానికి అదేమీ కంప్యూటర్ కాదు.

అయిదింటికి రాజేశం వచ్చాడు. దివాకర్ ఎదురెళ్లి శాలువా కప్పాడు.

“మార్కండేయులు ఏడి?” అడిగాడు రాజేశం.

“ఏ మార్కండేయులు సార్?”

“నాకంటె ముందుగాల ఒకాయన వస్తడని ఫోన్‌ల చెప్తిగద. ఆఁ ఆఁ అంటివి.”

“ఒక ముసలాయన అచ్చిండు సార్. పంపించిన.”

రాజేశం వెంటనే ఫోన్ చేశాడు. అవతల బస్సు చప్పుడు.

“వేములవాడ వచ్చిన, రాజేశం. షిఫ్టుకు పోవాలె. నాబ్‌లు పెట్టే వచ్చిన. నువ్వు మీటు, గదే సౌండు వస్తది.”

రాజేశం గిటారును పెట్టెకు తగిలించి నాబ్‌లకేసి చూశాడు. అన్నీ సున్నా మీదున్నాయి.

“నువ్వు తిప్పినవా?”

“మళ్ల పిలువుండ్రి సార్. కాళ్లు మొక్కుత. ఇంకో గంటల ఊర్మిల వస్తది.”

“ఏ మొఖం పెట్టుకొని పిలుస్త?”

రాజేశం శాలువా తీసి కుర్చీ మీద వేశాడు.

“అట్ట మీద నా పేరు పడ్డది గని, నేను తీగలు మీటిన, గంతే. నువ్వు మూడు రోజులసంది ఎతుకుతున్న సౌండు, ఇందాక నువ్వు ఎల్లగొట్టిన మార్కండేయులుది.”