అల్లుడికో స్కోప్

స్కాట్లాండ్ కొండల పక్కనున్న ఆ వేట సామాన్ల షాపును ఐదున్నరకు మూసేస్తారు. ఈలోగా రైఫిల్ మీద బిగించే దుర్భిణీ, అదే స్కోప్, ఒక్కటైనా అమ్మకపోతే సోమవారం నుంచి కౌశల్ రానక్కర్లేదు. యజమాని ఫెర్గస్ పొద్దున్నే ఆ మాట నవ్వుతూ చెప్పాడు. ఎడిన్‌బర్గ్‌లో లెన్సుల మీద ఎంఎస్సీ చేశాక దొరికిన మొదటి ఉద్యోగం. మూణ్నెల్ల ట్రయల్ ఈ రోజుతో ఆఖరు. ఇప్పటిదాకా కౌశల్ అమ్మింది రెండు జతల బూట్లు, ఒక టోపీ.

నాలుగింటికి తలుపు గంట మోగింది. వచ్చినవాళ్లు వేటగాళ్లలా లేరు. చీర మీద రెయిన్‌కోటు తొడుక్కున్న పెద్దావిడ, వెనకాలే గొడుగు దులుపుకుంటూ ఆమె భర్త.

“తెలుగు పిలగానివేనా? నేను సత్యమ్మ, ఈయన మొగిలయ్య. ఇంగ్లండ్‌ల స్విండన్ నుంచి వచ్చినం. మా అల్లునికి జింకల వేటంటే పిచ్చి బిడ్డా. దూరంకెల్లి కొట్టెటందుకు మంచి స్కోప్ చూపియ్యి.”

కౌశల్‌కు ప్రాణం లేచొచ్చింది. బల్ల మీద నాలుగు స్కోపులు పరిచాడు.

“ఆ పై అరలది?”

స్టూలు వేసుకోకుండానే అందుకుని దించాడు. సత్యమ్మ దాన్ని చూడకుండా భర్తను చూసింది.

“తుపాకి పేలంగనే ఎనకకు తన్ని కంటికి తగలదు కదా?”

“కంటికీ దీనికీ నాలుగు వేళ్ల సందు ఉంచాలె ఆంటీ. ఏం కాదు.”

“సిగరెట్ పొగకు అద్దం ఖరాబైతదా? నువ్వు తాగుతవా?”

“లేదాంటీ.”

“దీన్ని మోసుకుంట గుట్టలెక్కుడు మా వల్ల కాదు. నువ్వెక్కుతవా?”

“ఆదివారాలు మా బాస్‌తోని పోత. ఆయన పాత రైఫిలే నాకు దిక్కు.”

“ఇది పాడైతే ఎవరినడగాలె? నువ్వు ఈడనే ఉంటవా, ఇంకో దేశం ఎగిరిపోతవా?”

“ఊపిరి తీసుకోనియ్యవే పిలగాన్ని!” అన్నాడు మొగిలయ్య. “బాబూ, ఈమె కూరగాయల కాడ గూడ గింతే. బెండకాయ పుట్టుపూర్వోత్తరాలు అడుగుతది.”

“ఇక్కడే ఉంట ఆంటీ,” నవ్వాడు కౌశల్. “మా బాస్ ఉండనిస్తే.”

ఆమెను గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి ఒక స్కోప్ చేతికిచ్చాడు. ఎదురుగా కొండ. సత్యమ్మ ఒక కన్ను మూసింది.

“అబ్బో! మనిషి మొఖం గూడ కనవడుతున్నది! స్విండన్ దాకా కనవడేది లేదా?”

“అక్కడ ఎవరున్నరు ఆంటీ?”

“మా బిడ్డ అక్షర. ఒక్కతే. రెండు దినాలు ఇడిసి ఉండాల్నంటే గుండె దడదడ కొట్టుకుంటది.”

“రైలు కదలకముందే ఈమె ఏడుపు మొదలువెట్టింది,” అన్నాడు మొగిలయ్య.

గల్లాపెట్టె వెనక నుంచి ఫెర్గస్ గొంతు సవరించుకున్నాడు. అద్దాల బీరువాలో ఉన్న అన్నిటికన్నా ఖరీదైన స్కోప్‌ను కళ్లతోనే చూపించాడు. గడియారం ఐదు దాటింది.

“అదేనా మంచిది?” అంది సత్యమ్మ.

ఔనంటే ఉద్యోగం నిలుస్తుంది. కౌశల్ బీరువా వైపు ఒకసారి చూశాడు.

“కాదాంటీ. అంత పవర్ పెడితే మంచుల బొమ్మంతా వణుకుడే. బరువు గూడ. జింకలు బయటికొచ్చేది తెల్లారకముందు, పొద్దు గూకెటప్పుడు. మసక వెలుగును ఎక్కువ పట్టే అద్దం ఉండాలె. మూడొందల గజాలకు ఈ నడిమిది చాలు. సగం ధర.”

ఫెర్గస్‌కు తెలుగు రాదు. అయినా అర్థమైనట్టు తల పట్టుకున్నాడు.

“నువ్వైతే ఏది కొనుక్కుంటవు?”

“ఇదే. ఎన్నాళ్ల నుంచో కన్నేసిన.”

“పక్కానా?”

“మా అమ్మకైనా ఇదే చెప్త.”

ఆలుమగలు పక్కకు వెళ్లి గుసగుసలాడుకున్నారు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది, అంతలోనే నవ్వింది. కొనరేమోనని కౌశల్ స్కోపులు ఒక్కొక్కటే డబ్బాల్లోకి సర్దసాగాడు.

“అది లోపల పెట్టకు. ప్యాక్ చెయ్యి,” అన్నాడు మొగిలయ్య, కార్డు తీస్తూ.

ఫెర్గస్ వచ్చి కౌశల్ వీపు మీద గట్టిగా చరిచాడు. సోమవారం తొమ్మిదింటికల్లా రమ్మన్నాడు.

కౌశల్ ఈల వేస్తూ స్కోప్‌ను డబ్బాలో పెట్టాడు. డబ్బాకు మెరుపు కాగితం చుట్టాడు. రిబ్బను కట్టాడు. చీటీ మీద పెన్ను పెట్టి అడిగాడు.

“మీ అల్లుని పేరేంది ఆంటీ?”

“కౌశల్ అని రాయి బిడ్డా, మీ అమ్మ జయలక్ష్మి ఫొటో పంపినకాన్నుంచి నిన్ను కండ్లార చూడాల్నని గింత దూరమొచ్చినం, ఇగ మా అక్షరను చూసెటందుకు నువ్వెప్పుడొస్తవో చెప్పు.”